పండుగకు టీవీ పుల్ల కొనేముందు
– బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి

విద్యార్థి సంఘం సావనీరుకు ఒక సైన్సు వ్యాసం రాయమని మిత్రులు అడిగినప్పుడు, నక్షత్రాల పుట్టుక గురించి రాద్దామనే కూర్చున్నాను. రెండు పేజీలు నింపాక, ఈ సంగతులన్నీ నాకంటే తెలిసినవాళ్ళు నాకంటే బాగా రాశారు కదా అనిపించి ఆపేశాను. నేను స్వయంగా డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న సైన్సు మాత్రం ఒకటుంది. అది పనికిరానిది కాదని నా నమ్మకం. మన కాలేజీలో ట్యూషన్లు చెప్పో, స్కాలర్‌షిప్పు మిగిల్చో పండుగకు ఇంటికి ఏదైనా వస్తువు తీసుకెళ్దామనుకునే వాళ్ళు చాలామందే ఉన్నారు. ఈ మధ్య ఆ వస్తువు తరచుగా టీవీకి తగిలించే స్ట్రీమింగ్ పరికరం అవుతోంది. దాన్ని ఎలా ఎంచుకోవాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మాది పాలమూరు వైపు పల్లె. నాలుగెకరాల పత్తిచేను. 2024 వానాకాలంలో అమ్మ చేని గట్టు మీద జారిపడి మోకాలి దగ్గర ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి, మూడు నెలలు కాలు కింద పెట్టొద్దన్నారు. ఊహ తెలిసినప్పటి నుంచి పగలు ఇంట్లో కూర్చోని మనిషి ఒక్కసారిగా మంచానికి అంటుకుపోయింది. డిష్ రీచార్జి అయిపోయి అప్పటికి చాలా రోజులైంది. దవాఖానా ఖర్చుల్లో దాని సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. దసరాకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ నల్లటి టీవీ వైపు తిరిగి పడుకుని ఉండటం చూశాను. ట్యూషన్ డబ్బుతో ఏదో ఒకటి కొనాలని అప్పుడే అనుకున్నాను.

అసలు ఈ పరికరం చేసే పనేమిటి?

పేరు ఇంగ్లీషులో ఉన్నా పని మన కాలువ నీళ్ళ పనే. పాతరోజుల్లో సినిమా మొత్తాన్ని కంప్యూటర్లోకి దించుకుని తరువాత చూసేవారు. చెరువు నిండాక తూము ఎత్తడం లాంటిది అది. స్ట్రీమింగ్‌లో అలా కాదు. సినిమాను కొన్ని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి ఉంచుతారు. మన పరికరం ఒక్కొక్క ముక్కను అడిగి తెచ్చుకుని, కాస్త ముందుగానే నిలవ చేసుకుని, వరుసగా తెరమీద చూపిస్తుంది. మోటారు నీళ్ళు తొట్టిలో పడుతుంటే, తొట్టి నుంచి చాళ్ళకు పారినట్టన్నమాట. మోటారు కాసేపు తడబడినా తొట్టిలో నీళ్ళున్నంతసేపు చాలు పారుతూనే ఉంటుంది. తొట్టి ఎండిపోయినప్పుడే తెరమీద ఆ గుండ్రటి చక్రం తిరుగుతుంది.

ప్రతి ముక్కా నాలుగైదు నాణ్యతల్లో సిద్ధంగా ఉంటుంది. ఇంటర్నెట్ వేగం తగ్గితే పరికరం తక్కువ నాణ్యత ముక్కను, పెరిగితే మంచి ముక్కను అడుగుతుంది. బొమ్మ ఒక్కోసారి మసకబారి మళ్ళీ తేటపడటానికి కారణం ఇదే. ఆపిల్ సంస్థ 2009లో ప్రవేశపెట్టిన హెచ్.ఎల్.ఎస్., 2012లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడిన డాష్ అనే రెండు పద్ధతులూ ఈ సూత్రం మీదే నడుస్తాయి.

పరికరాల చరిత్ర కూడా పెద్దదేం కాదు. అమెరికాలో రోకు పెట్టె 2008లోను, గూగుల్ వారి క్రోమ్‌కాస్ట్ 2013లోను, అమెజాన్ వారి ఫైర్ టీవీ స్టిక్ 2014లోను వచ్చాయి. ఈ చివరిది మన దేశంలో 2017 నుంచి అమ్ముతున్నారు. క్రోమ్‌కాస్ట్ తయారీని గూగుల్ 2024లో ఆపేసింది. కాబట్టి ఎవరైనా పాత సరుకు చవకగా ఇస్తామంటే, దానికి ఇకముందు ఎంతకాలం మరమ్మతు సాఫ్ట్‌వేర్ అందుతుందో ఆలోచించుకోవాలి.

మొదటి పొరపాటు: చవక పెట్టె

నగరంలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఒక వీధిలో, "వెయ్యి చానళ్ళు, జీవితాంతం ఉచితం" అని రాసిన నల్లపెట్టె ఒకటి కొన్నాను. పద్దెనిమిది వందలు. పెట్టె మీద తయారుచేసిన కంపెనీ పేరు లేదు. ఉచితం అనే మాట చదివాక మిగతాది చదవాలనిపించలేదు.

ఇంటికి తెచ్చి పెడితే, డబ్బు కట్టి చూసే యాప్‌లలో బొమ్మ వానలో తడిసిన కాగితంలా కనిపించింది. అందులో కిటుకు ఇది: సినిమా కంపెనీలు తమ వీడియోకు తాళం వేసి పంపుతాయి. ఆండ్రాయిడ్ పరికరాల్లో ఆ తాళం తీసే ఏర్పాటును వైడ్‌వైన్ అంటారు. తాళంచెవి పరికరం చిప్పులోని భద్రమైన అరలో ఉంటే దాన్ని ఎల్-1 స్థాయి అంటారు. సాఫ్ట్‌వేర్‌తో మాత్రమే నెట్టుకొస్తే ఎల్-3. దొంగతనానికి భయపడి చాలా సంస్థలు ఎల్-3 పరికరాలకు మంచి నాణ్యత వీడియో ఇవ్వవు. పెట్టె మీద "4కె" అని ఎంత పెద్దగా రాసినా ప్రయోజనం లేదు.

అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. ఆ పెట్టె మాటిమాటికీ "తెలియని చోటి నుంచి యాప్‌లు వేసుకోవడానికి అనుమతించండి" అని అడిగేది. నేను అనుమతించాను. ఆ తరువాత 2025 జూన్‌లో అమెరికా ఎఫ్.బి.ఐ. ఇలాంటి ఊరూపేరూ లేని పరికరాల గురించి ప్రజలను హెచ్చరించింది. కొన్నింటిలో ఫ్యాక్టరీలోనే, మరికొన్నింటిలో మొదటిసారి పెట్టేటప్పుడు వేసుకునే యాప్‌ల ద్వారా దొంగ ప్రోగ్రాములు చేరుతున్నాయట. మన ఇంటి ఇంటర్నెట్‌ను మనకు తెలియకుండా నేరగాళ్ళు తమ పనులకు వాడుకుంటారన్నమాట. ఆ వార్త చదివిన రోజు మా పెట్టె గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. దుకాణదారు అప్పటికే దాన్ని వాపసు తీసుకోనన్నాడు. "అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు" అన్న బోర్డు వేలు పెట్టి చూపించాడు.

రెండవ పొరపాటు: నాయిన ఖాతా

ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్పాలి. ఆ పెట్టెలో ఒక సినిమాల యాప్ "ఒక్క రూపాయికి నెల రోజులు" అంది. ఓటీపీ నాయిన ఫోనుకు వచ్చింది, చెల్లింపు నాయిన ఖాతా నుంచే చేశాను. కింద సన్నటి అక్షరాల్లో ఉన్న ఆటోపే సంగతి నేను చూసుకోలేదు. నెల తిరిగేసరికి ఏడాది చందా దాదాపు పదిహేను వందలు ఖాతాలోంచి దానంతటదే పోయింది.

అది పత్తి ఏరే కాలం. శనివారం కూలి పంచాలి. నాయిన బ్యాంకు నుంచి ఫోను చేశాడు.

"బిడ్డా, ఖాతాల పైసలు తక్కువున్నయి. నువ్వేమన్న తీసినవా?"

నేను తీయలేదన్నాను. తరువాత చూసుకుని, తీసింది నేనేనని చెప్పాను. ఆయన ఒక్క మాటా అనలేదు. "సరేలే, సదువుకో" అని పెట్టేశాడు. ఆ పూట కూలిడబ్బులకు పక్కింటివాళ్ళ దగ్గర చేబదులు తీసుకున్నాడని అమ్మ చెప్పింది. ఒక మాట తిట్టినా నాకు అంత బాధ ఉండేది కాదు.

అందుచేత మిత్రులకు నా మొదటి సలహా సైన్సుకు సంబంధించింది కాదు. పంట డబ్బు, ప్రభుత్వం వేసే డబ్బు పడే ఖాతాను ఇలాంటి పరికరానికి ముడిపెట్టకండి. చందా కట్టదలిస్తే మీ ఖాతా నుంచి మీరే కట్టండి. ఫోనులోని చెల్లింపు యాప్‌లో ఆటోపే అనే చోటికి వెళ్ళి ఏమేమి నడుస్తున్నాయో చూసి, అక్కర్లేనివి రద్దు చేయండి. పరికరంలో కొనుగోళ్ళకు పిన్ పెట్టండి. ఇవ్వాలనుకున్నది బహుమతి అయినప్పుడు, దాని వెనక వచ్చే బిల్లు అమ్మానాన్నల మీద పడకూడదు.

టీవీ వెనక ఏముంది?

మరో రెండు నెలల ట్యూషన్ డబ్బు కూడబెట్టి, సంక్రాంతికి మళ్ళీ ప్రయత్నించాను. ఈసారి దుకాణానికి పోకముందే చెల్లెలికి ఫోను చేసి, టీవీ వెనక భాగం ఫోటో తీసి పంపమన్నాను.

మా టీవీ 2014లో పత్తి బాగా పండినప్పుడు కొన్న 32 అంగుళాల ఎల్.ఈ.డి. దానికి హెచ్.డి.ఎం.ఐ. రంధ్రం ఒక్కటే ఉంది. అందులో డిష్ పెట్టె తీగ పెట్టి ఉంది. అంటే పుల్ల పెట్టాలంటే డిష్ పెట్టెను పక్కనున్న ఎరుపు, తెలుపు, పసుపు తీగలకు మార్చాలి. ఇలా మార్చడం సులువే. కానీ ముందు తెలియకపోతే పండుగ పూట ఇంట్లో తగాదా వస్తుంది. వెనక హెచ్.డి.ఎం.ఐ. అసలే లేని పాత డబ్బా టీవీ అయితే మధ్యలో మార్పిడి పరికరం ఒకటి అదనంగా కావాలి. ఇక మీ ఇంటి టీవీ ఇప్పటికే స్మార్ట్ టీవీ అయి, బాగానే నడుస్తుంటే ఏ పుల్లా అక్కర్లేదు. ఆ డబ్బుతో అమ్మకు చీర కొనండి.

రెండవది తెర. మా టీవీ తెరమీద అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలున్నాయి. గుణిస్తే సుమారు 10 లక్షల 49 వేల చుక్కలు. 4కె బొమ్మలో 3840ని 2160తో గుణిస్తే సుమారు 82 లక్షల 94 వేలు. అంటే 4కె పరికరం కొని మా టీవీకి పెడితే, ఎనిమిది చుక్కలు తెచ్చి ఒక్క చుక్కలో కుక్కినట్టు. అందుకని 4కెకు ఎక్కువ ధర పెట్టకుండా మామూలు హెచ్.డి. పుల్లనే, పేరున్న కంపెనీది, నాలుగు వేల చిల్లరకు తీసుకున్నాను.

మూడవది కరెంటు. ఈ పుల్లలకు చిన్న అడాప్టర్ ఇస్తారు. గోడకు ప్లగ్గు దూరమని నేను దాన్ని వదిలేసి, టీవీ వెనకనున్న యు.ఎస్.బి. రంధ్రానికే తగిలించాను. పది నిమిషాలకోసారి పరికరం ఆరిపోయి మళ్ళీ మొదలయ్యేది. సరుకు పాడైందేమో అనుకున్నాను. తరువాత లెక్క వేస్తే అర్థమైంది. పాత తరహా యు.ఎస్.బి. ప్రమాణం ప్రకారం ఇచ్చేది 5 వోల్టుల దగ్గర 0.5 ఆంపియర్, అనగా రెండున్నర వాట్లు. అడాప్టర్ మీద రాసి ఉన్నది 5 వోల్టులు, 1 ఆంపియర్, అనగా 5 వాట్లు. సగం మేత వేసి నాగలి కట్టినట్టయింది. అడాప్టర్ ద్వారా ఇస్తే మళ్ళీ ఆరలేదు. ల్యాబులో ఎన్నోసార్లు కట్టిన లెక్కే ఇది. అది ఇంట్లో పనికొస్తుందని నాకు అప్పటిదాకా తోచలేదు.

రోజుకు రెండు జీబీల లెక్క

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంటర్నెట్. మా ఊళ్ళో మా వాడకు తీగ ఇంటర్నెట్ రాలేదు. ఉన్నది నాయిన ఫోను హాట్‌స్పాట్. దానికి రోజుకు 2 జీబీల ప్లాన్.

వీడియో సంస్థలు సాధారణంగా 720 హెచ్.డి.కి సెకనుకు 3 మెగాబిట్లు, 1080కి 5, 4కెకు 15 మెగాబిట్ల వేగం ఉండాలంటాయి. గంటకు 3600 సెకన్లు. 8 బిట్లు ఒక బైటు. కనుక ఆ వేగం మొత్తం వాడుకుంటే గంటకు 720లో 1.35 జీబీ, 1080లో 2.25 జీబీ, 4కెలో 6.75 జీబీ ఖర్చవుతుంది. సెకనుకు 1 మెగాబిట్‌తో సరిపెట్టుకుంటే గంటకు 0.45 జీబీయే. అనగా 1080లో మా రోజు ప్లాన్ గంటలోపే అయిపోతుంది. తక్కువ నాణ్యతలో నాలుగు గంటలు దాటి వస్తుంది. 32 అంగుళాల తెరను మంచం మీంచి చూసే అమ్మకు ఆ తేడా పెద్దగా తెలియలేదు. పరికరం సెట్టింగులలో వీడియో నాణ్యతను తగ్గించి పెట్టే ఏర్పాటు ఉంటుంది. ఇచ్చేవాడే పెట్టి ఇవ్వాలి.

కుదింపు పద్ధతి సంగతీ చూడాలి. వార్తలు చదివే మనిషి వెనక గోడ మారదు, కదిలేవి పెదవులే. మారినదాన్నే పంపి మారనిదాన్ని మిగుల్చుకోవడమే కుదింపు రహస్యం. 2003 నాటి హెచ్.264 కంటే 2013లో వచ్చిన హెచ్.ఈ.వి.సి. పద్ధతి అదే నాణ్యతకు దాదాపు సగం డేటాతో సరిపెడుతుంది. 2018లో వచ్చిన ఏ.వి.1 ఇంకా పొదుపరి. అయితే ఆ ముడి విప్పే శక్తి పరికరం చిప్పులో ఉండాలి. కొనేటప్పుడు డబ్బా మీద ఈ పేర్లు చూసుకోవడం మంచిది.

ఇంత లెక్కా వేసి ఒక మోటు సంగతి మరిచాను. ఫోను నాయినది. నాయిన పొద్దున్నే చేనికి పోతే ఇంటర్నెట్టూ ఆయన జేబులో చేనికి పోయేది! అమ్మ మళ్ళీ నల్లటి టీవీ వైపు చూస్తూ ఉండేది. చివరికి తెర పగిలిన నా పాత ఫోనులో వేరే సిమ్ వేసి, సిగ్నల్ బాగా అందే తూర్పు కిటికీలో కట్టేసి వచ్చాను. దాని రీచార్జి నెలనెలా నేనే చేస్తున్నాను. పుల్ల ధర ఒక్కసారి పెట్టేది. ఈ రీచార్జి ఎప్పటికీ ఉండేది. పరికరం ధర చెప్పేటప్పుడు దుకాణదారు ఈ రెండో లెక్క చెప్పడు.

రిమోట్ పట్టుకునే చెయ్యి ఎవరిది?

పుల్లను చూసి అమ్మ అన్న మొదటి మాట: "గీ పుల్లకే నాలుగు వేలా?"

రెండవ మాట: "నంబర్లు లేవేందిరా?" అమ్మ ఇన్నేళ్ళూ టీవీని నంబర్లతో నడిపింది. ఏ చానల్ నంబరెంతో ఆమెకు నోటికి తెలుసు. కొత్త రిమోట్ మీద బాణాలు, నడిమి గుండీ తప్ప నంబర్లు లేవు. మైకు గుండీ ఉంది కదా, మాట్లాడితే చాలన్నాను. అమ్మ గొంతు సవరించుకుని "బతుకమ్మ పాటలు పెట్టు" అంది. తెరమీద ఏదో ఇంగ్లీషు వంటల కార్యక్రమం వచ్చింది. ఆ మైకుకు ఇంగ్లీషు, హిందీ వచ్చునట. "మా ఇంటికొచ్చి హిందీ మాట్లాడమంటదా?" అని అమ్మ రిమోట్ మంచం మీద పడేసింది. మైకు బొమ్మ ఉన్నంతమాత్రాన దానికి మన భాష వస్తుందనుకోకూడదు. దుకాణంలోనే, మన ఇంట్లో మాట్లాడే తెలుగులో అడిగి చూడాలి.

ఆ సాయంత్రం కూర్చుని, అక్కర్లేని యాప్‌లన్నీ తీసేసి, కావలసిన మూడింటిని మొదటి వరుసలో పెట్టాను. 2020లో వచ్చిన ఆహా వంటి తెలుగు వేదికలు, ప్రసార భారతి 2024 నవంబరులో ప్రారంభించిన వేవ్స్ వంటివి కొనబోయే పరికరంలో దొరుకుతాయో లేదో ముందే చూసుకోవాలి; అన్ని యాప్‌లూ అన్ని పరికరాల్లో ఉండవు. ఇంటి గుర్తున్న గుండీకి ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టాను. "దారి తప్పితే ఎర్రది నొక్కు" అని చెప్పాను. మూడోనాటికి అమ్మ చెల్లెలికి నేర్పుతోంది.

తాత చెప్పిన మాట

ఇదంతా చూస్తూ అరుగు మీద కూర్చున్న తాత ఒక పాత సంగతి చెప్పాడు. ఆయన పడుచువాడిగా ఉన్నప్పుడు పక్క ఊరి బడిలో టీవీ చూడ్డానికి నడిచి పోయేవాడట. బడి దగ్గర కోళ్ళగూటికి కట్టే జాలీతో చేసిన పెద్ద గొడుగు లాంటిది ఉండేదట. నేను కాలేజీకి వచ్చి వెతికితే అది సైట్ ప్రయోగమని తెలిసింది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా, అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం సాయంతో, మన రాష్ట్రంతో సహా 6 రాష్ట్రాలలోని సుమారు 2400 పల్లెలకు వ్యవసాయం, ఆరోగ్యం, చదువు గురించి కార్యక్రమాలు ప్రసారం చేశారు. తాత చూసిన గొడుగు సుమారు 3 మీటర్ల ఏంటెన్నా. పల్లెలో పెట్టడానికి, బాగుచేయడానికి వీలుగా మన ఇంజనీర్లు దాన్ని కోళ్ళ జాలీతో చేశారు. కరెంటు లేని కొన్ని ఊళ్ళలో టీవీలను బ్యాటరీలతో నడిపారు.

ఉపగ్రహం అమెరికాదైనా, కింద పెట్టె మాత్రం పల్లెను చూసి తయారైంది. నేను చేసిన తప్పు ఇప్పుడు నాకు స్పష్టంగా కనబడుతోంది. నేను దుకాణం అద్దాల బీరువాను చూసి కొన్నాను, ఇంటిని చూసి కాదు.

కనుక మిత్రులారా, కొనేముందు ఇంటికి ఒక ఫోను చేసి ఈ అయిదు సంగతులు కనుక్కోండి. టీవీ వెనక ఖాళీ రంధ్రం ఉందా? తెర ఎంత నాణ్యతది? పగటిపూట ఇంట్లో ఇంటర్నెట్ ఎవరి జేబులో ఉంటుంది? రిమోట్ పట్టుకునేవాళ్ళు ఏ భాష మాట్లాడతారు, ఏది చదవగలరు? నెలనెలా ఖర్చు ఎవరి ఖాతాలోంచి పోతుంది? ఈ అయిదింటికీ జవాబు దొరికితే, ఏ కంపెనీది కొనాలన్న ప్రశ్న సగం తేలిపోయినట్టే.

అమ్మ ఇప్పుడు నడుస్తోంది. పగలు చేనికీ పోతోంది. టీవీ రాత్రిపూట ఒక గంట మాత్రమే పెడతారు. మొన్న సెలవులకు వెళ్ళినప్పుడు ఆటోపే జాబితా చూద్దామని నాయిన ఫోను అడిగాను. "నేను చూసిన తియ్, ఏం లేవు" అన్నాడు. ఎక్కడ నొక్కాలో చెల్లెలితో చెప్పించుకుని, నెలకోసారి తనే చూసుకుంటున్నాడట.